కెమెరాకి తెలిసిన మొహాలు

ఆ ఇంట్లో ఉంగరం పోయిన మర్నాటి నుంచీ నాకు గౌరవం పెరిగింది.

అంతకుముందు కోడలుగారు నన్ను ‘నువ్వు’ అనేవారు. “అక్కా, నువ్వు ముందు టీ తాగు, తుడవడం ఎక్కడికీ పోదు” అనేవారు. ఉంగరం కనపడటం లేదని తేలిన మర్నాడు గుమ్మంలోనే ఎదురొచ్చి, “మీరు హాలూ వంటగదీ చేసేయండి చాలు. పడకగదులు నేనే తుడుచుకుంటాను. మీకెందుకు అంత శ్రమ?” అన్నారు. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో చీపురు ఏ మూల ఉంటుందో ఆవిడకి తెలియదు. ఆ రోజు నన్నే అడిగి తెలుసుకున్నారు.

నేను ఆ ఇంట్లో ఇల్లు తుడుస్తాను, బట్టలు ఉతుకుతాను, ఇస్త్రీ చేస్తాను. తొమ్మిదేళ్లయింది. అదే వీధిలో ఇంకో మూడిళ్లలో కూడా చేస్తాను. ఆ మూడిళ్లూ నాకు ఈ ఇంటి అమ్మగారి నోటి మాట మీద వచ్చినవే. “బీరువా తలుపు బార్లా తీసి పెట్టినా అటు తిరిగి చూడదు” అని ఆవిడ నా గురించి చెప్పేవారు. ఆ మాట ఇప్పుడు అటూ ఇటూ అయిందంటే నాలుగు ఇళ్ల తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి. పని పోతే ఇంకో వీధిలో వెతుక్కుంటాను, అది పెద్ద విషయం కాదు. కానీ దొంగ అన్న పేరు ఏ వీధికి వెళ్లినా నాకంటే ముందే చేరుతుంది. ఆ భయంతో ఇరవై రోజులపాటు నాకు అన్నం సహించలేదు.

జరిగింది ఇది. అమ్మగారికి ఒక ఆకుపచ్చ రాయి ఉంగరం ఉంది. వాళ్ల అమ్మ ఇచ్చింది. రోజూ పెట్టుకోరు, అద్దం బల్ల మీద చిన్న గిన్నెలో ఉంచుతారు. ఇంటిల్లిపాదీ చుట్టాల ఊరికి నాలుగు రోజులు వెళ్లారు. మొక్కలకి నీళ్లు పోయమని తాళం చెవి నాకిచ్చారు. తిరిగొచ్చిన వారానికి అమ్మగారు గిన్నెలో చూసుకుంటే ఉంగరం లేదు. ఇక చెప్పేదేముంది? తాళం చెవి ఎవరి దగ్గరుందో లెక్క కట్టడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

చిత్రమేమిటంటే, ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మగారు అనలేదు, ఆవిడ భర్త పెద్దాయన అనలేదు, కొడుకూ కోడలూ అనలేదు. మర్యాదస్తులు. ఎవరైనా “నువ్వు తీశావా?” అని అడిగితే “తియ్యలేదు” అని చెప్పేదాన్ని. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, ఒట్టు పెట్టేదాన్ని. అడగనివాళ్లకి ఏమని జవాబు చెప్పను? అడక్కుండానే “నేను తియ్యలేదండీ” అంటే అంతకంటే పెద్ద రుజువు ఇంకేం కావాలి?

అడగలేరు కాబట్టి కెమెరా కొనుక్కోవాలనుకున్నారు.

ఆ ఆదివారం హాల్లో పెద్ద సభ జరిగింది. నేను మూలన నిలబడి ఇస్త్రీ చేస్తున్నాను. అబ్బాయి కంప్యూటర్ ఉద్యోగి. ఏది కొన్నా ముందు పట్టిక వేస్తాడు. దంతాల బ్రష్షుకి కూడా పట్టిక వేసిన మనిషి. కెమెరాలకైతే పదకొండు గళ్లు గీశాడు. చీకట్లో కనపడుతుందా, మెడ తిప్పుతుందా, మాట వినపడుతుందా, తిరిగి మాట్లాడుతుందా, కరెంటు పోతే ఏం చేస్తుంది, ఇలా.

“ఈమధ్య కాలం అస్సలు బాగోలేదు అక్కా,” అన్నాడు నా వైపు చూడకుండా. “వీధిలో దొంగలు తిరుగుతున్నారట.”

“అవును బాబూ, నేనూ విన్నాను,” అన్నాను. నిజానికి ఆ వీధిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగేది నేనే.

కోడలుగారికి గోడ గడియారం లాంటి కెమెరా నచ్చింది. చూస్తే గడియారమే, లోపల కన్ను ఉంటుంది. పెద్దాయన ఒప్పుకోలేదు. “కెమెరా ఉందని తెలియాలి. తెలిస్తేనే భయం ఉంటుంది,” అన్నారు. “తెలిస్తే జాగ్రత్త పడదూ?” అన్నారు అమ్మగారు, వెంటనే నాలుక కరుచుకుని, “పడడూ, దొంగ” అని సర్దుకున్నారు. నేను చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువసేపే ఉంచాను. ఆ చొక్కా అబ్బాయిది. పసుపు మచ్చ పడింది.

తర్వాత తెలుపా నలుపా అన్నదాని మీద అరగంట గడిచింది. గోడ రంగుకి కలిసిపోవాలని కోడలుగారు, ఎదురొచ్చినవాడికి కొట్టొచ్చినట్టు కనపడాలని పెద్దాయన. అమ్మగారికి మాత్రం ఒకటే కోరిక, అది గట్టిగా అరవాలి. ఒక్కొక్కరికి ఒక్కో రకం కెమెరా కావలసి వచ్చింది. నాకొక సందేహం వచ్చింది. నోరు ఊరుకోక అడిగేశాను.

“దొంగలు బయట్నుంచి కదా వస్తారు? వీధి గుమ్మం బయట పెడితే పోదా?”

అబ్బాయి పట్టికలోకి తలదూర్చాడు. కోడలుగారు గోళ్లు చూసుకున్నారు. చివరికి పెద్దాయనే గొంతు సవరించుకుని, “బయట వాన కురుస్తుంది కదమ్మా, పాడైపోతుంది,” అన్నారు. వానలో తడిసినా పాడవని కెమెరాలకి అబ్బాయి పట్టికలో ఒక గడి మొత్తం ఉంది.

“సరే, ఇంట్లోనే పెడదాం. ఇంతకీ ఎక్కడ పెడితే హాలంతా కనపడుతుంది?” అన్నారు అమ్మగారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఏ మూల ఏం కనపడుతుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఉరితాడు ఏ దూలానికి బావుంటుందని నన్నే సలహా అడిగినట్టుంది. అయినా చెప్పాను. “వీధి తలుపు పైన, లోపలి వైపు తిప్పి పెట్టండి. సోఫా, టీవీ, నడవా, పడకగదుల తలుపులు అన్నీ కనపడతాయి. ఆ తలుపు కింద నిలబడ్డ మనిషి ఒక్కరే కనపడరు.” భేష్ అన్నారు. నాకు టీ కూడా ఇచ్చారు.

పెద్దాయన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయన ఒక ఆఫీసులో పాత ఫైళ్ల గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలిందిగానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. ఇంట్లో కొన్న ప్రతి వస్తువు ఖాళీ అట్టపెట్టెనీ దాచి, టేపు వేసి, నంబరు రాసి అటక మీద పెడతారు. ఒకటో నంబరు పాత రేడియోది. రేడియో పోయి పదిహేనేళ్లయిందట, పెట్టె మాత్రం క్షేమం. ఏ నంబరు పెట్టె ఏ వస్తువుదో ఒక రిజిస్టరు. ఆయన చెయ్యి పెట్టిన ప్రతిదీ తేదీ, సమయంతో సహా అందులో ఎక్కుతుంది. ఆయన నిచ్చెన ఎక్కితే పట్టుకునేది నేను. మోకాళ్ల నొప్పులు, అందుకని ఒంటరిగా ఎక్కరు.

కెమెరా శుక్రవారం వచ్చింది. తెల్లదే కొన్నారు, అరిచేదే కొన్నారు, పెద్దాయన తృప్తి కోసం దాని కింద ‘మీరు కెమెరా నిఘాలో ఉన్నారు’ అని ఎర్ర అక్షరాల కాగితం అంటించారు. అబ్బాయి స్టూలెక్కి బిగించాడు. స్టూలు పట్టుకుంది నేనే.

తర్వాత దానికి మొహాలు నేర్పే కార్యక్రమం. ఇంటివాళ్లు ఒక్కొక్కరూ దాని ఎదురుగా నిలబడి ఎడమకి, కుడికి, పైకి చూడాలి. అప్పుడది ఆ మొహాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అమ్మగారు జుట్టు సరిచేసుకుని మరీ నిలబడ్డారు. పెద్దాయన గుర్తింపు కార్డు ఫోటోకి నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టారు.

“తెలిసిన మొహాలు కనపడితే ఇది పట్టించుకోదు, రికార్డు చేయదు,” అని అబ్బాయి వివరించాడు. “లేకపోతే మనం మంచినీళ్లకి లేచిన ప్రతిసారీ రికార్డు చేసి మెమరీ అంతా నింపేస్తుంది. తెలియని మొహం కనపడితేనే రికార్డు చేసి, నలుగురి ఫోన్లకీ కబురు పంపుతుంది.” అని నా వైపు చూసి, పాపం మంచివాడే, “అక్క మొహం కూడా ఎక్కించనా?” అన్నాడు.

“వద్దు,” అన్నారు కోడలుగారు. మరీ తొందరగా అన్నానని ఆవిడకే అనిపించినట్టుంది, “అంటే... మెమరీ సరిపోదేమో,” అని నవ్వారు. నలుగురి మొహాలకి చోటున్న మెమరీకి నా మొహం బరువైపోయింది. అమ్మగారు కిటికీలోంచి బయటికి చూశారు. తొమ్మిదేళ్లు నా చేతి నీళ్లు తాగిన మనిషి.

ఇక పరీక్ష. “అక్కా, నువ్వొకసారి బయటికెళ్లి మెల్లిగా లోపలికి రా,” అన్నాడు అబ్బాయి. వచ్చాను. “అలా మామూలుగా కాదక్కా. కాస్త అటూ ఇటూ చూస్తూ, దొంగలా.”

ఆ మాట అన్నాక గానీ వాడికి తాను ఏమన్నాడో తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. కొంగు తల మీదుగా కప్పుకుని, మునివేళ్ల మీద నడుస్తూ, పూలకుండీని ఎత్తి చంకలో పెట్టుకుని మరీ వచ్చాను. నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగాయి. ‘ఇతరులు: హాలులో కదలిక’ అని తెర మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుండీని యథాస్థానంలో పెట్టి, వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మర్నాడు శనివారం. నేను చీపురు పడితే ఫోన్లు మోగుతాయి. గుడ్డ పిండితే మోగుతాయి. తుమ్మితే మోగుతాయి. అమ్మగారి ఫోను పడకగదిలోంచి, అబ్బాయి ఫోను ఎక్కడో ఆఫీసులో. పెద్దాయన ఫోన్లో బెల్లు వీధి చివరికి వినపడేంత పెద్దది. మోగిన ప్రతిసారీ ఆయన పేపరు పడేసి, “ఎవరో వచ్చారు, ఎవరో వచ్చారు” అంటూ హాల్లోకి పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, “ఓహ్, నువ్వా” అని వెళ్లేవారు. గంటలో తొమ్మిదిసార్లు వచ్చారు. ఇంతలో గోడ మీద నుంచి కోడలుగారి గొంతు, “సోఫా వెనక కూడా తుడవండి.” ఆవిడ అప్పుడు ఆఫీసులో ఉన్నారు. ఎదురుగా ఉంటే ఒక మాట అనేదాన్ని. గోడతో ఏం గొడవ పెట్టుకోను?

సోఫా ఎలాగూ తుడుస్తాను. ఉంగరం పోయిన నాటి నుంచీ అమ్మగారు రోజూ దాన్ని జరిపిస్తున్నారు. ఆ శనివారం కూడా పదకొండు గంటలకి జరిపి, తడిగుడ్డ పెట్టి, మూలమూలలా తుడిచాను. ఒక జుట్టు పిన్ను, రెండు గుండీలు దొరికాయి. తీసి బల్ల మీద పెట్టాను. బల్ల మీదే కెమెరా తాలూకు అట్టపెట్టె ఉంది, దాని మీద పెద్దాయన అక్షరాల్లో నలభై మూడు అని నంబరు. “రేపు నువ్వొచ్చాక అటక మీద పెడదాం, నిచ్చెన పట్టుకుందువుగాని,” అన్నారాయన. సరేనని వెళ్లిపోయాను.

ఆదివారం ఎనిమిదింటికి వచ్చి, ఫోన్లన్నీ మోగించి, చీపురు పట్టాను. సోఫా జరిపాను.

నేల నడిమధ్యన, ఎవరో కొలిచి పెట్టినట్టు, ఆకుపచ్చ రాయి ఉంగరం.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకేమీ అనుమానం రాలేదు. ఇరవై రోజులుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది అనుకున్నాను. “అమ్మగారూ, దొరికింది! ఉంగరం దొరికింది!” అని ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టాను.

అందరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మగారు ఉంగరాన్ని కళ్లకద్దుకున్నారు. కోడలుగారు ఉంగరాన్ని చూశారు, సోఫాని చూశారు, తలెత్తి కెమెరాని చూశారు.

“ఇరవై రోజులు రోజూ జరిపితే దొరకలేదు. కెమెరా పెట్టిన మూడో రోజుకి దొరికింది. భలే!” అన్నారావిడ.

“మంచి కెమెరానే కొన్నాం,” అన్నాడు అబ్బాయి.

నాకు అప్పుడర్థమైంది. ఉంగరం దొరక్కముందు నేను అనుమానం మాత్రమే. దొరికాక దొంగనైపోయాను. కెమెరాకి జడిసి సరుకు తిరిగి పెట్టేసిన దొంగని. అమ్మగారు నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, చాలా ప్రేమగా అన్నారు, “పోనీలే అమ్మా. మనిషన్నాక ఒక్కోసారి బుద్ధి పక్కకి పోతుంది. దొరికింది, అంతే చాలు. మేమేమీ మనసులో పెట్టుకోం.”

క్షమించేశారు! నింద వేయకుండానే, విచారించకుండానే, నేరుగా క్షమాభిక్ష. ఆ చెయ్యి నా భుజం మీద నిప్పులా కాలింది. విదిలించి కొట్టాలనిపించింది.

అప్పుడు పెద్దాయన వైపు చూశాను. ఆయన ఒక్కరే ఉంగరం దగ్గరికి రాలేదు. కెమెరా గ్యారంటీ కార్డు పట్టుకుని, అందులో ఏదో అత్యవసర విషయం ఉన్నట్టు చదువుతున్నారు. బల్ల మీద చూశాను. అట్టపెట్టె లేదు. నడవాలో అటక వైపు చూశాను. నలభై మూడో నంబరు పెట్టె పైన కూర్చుని ఉంది. నిచ్చెన నేను పెట్టే మూలన కాక ఇంకో మూలన ఉంది. పాత పెట్టెలన్నిటి మీదా టేపు పసుపు రంగుకి తిరిగి, అంచులు లేచిపోయి ఉంటుంది. పదిహేడో నంబరు మీద మాత్రం కొత్త టేపు తళతళలాడుతోంది. పదిహేడు పాత ఇస్త్రీపెట్టెది. తొమ్మిదేళ్లలో దాన్ని దించింది లేదు. బట్టల బుట్టలో పై నుంచి మొదటి చొక్కా ఆయనది, మోచేతుల నిండా అటక మీది నల్లటి దుమ్ము. ఇందాక చీపురు తీసుకున్నప్పుడు చూశాను గానీ, అప్పుడు బుర్రకెక్కలేదు.

కెమెరా అక్కర్లేదు. రోజూ తుడిచే మనిషికి ఇల్లే అన్నీ చెబుతుంది. కానీ నేను చెబితే ఎవరు నమ్ముతారు? క్షమించి వదిలేసిన దొంగ మాట.

“బాబూ,” అన్నాను అబ్బాయితో, “ఆ కెమెరాలో నన్ను తీసిన బొమ్మలు చూపించు. నిన్నటివి. పదకొండు గంటలప్పటివి.”

“ఎందుకక్కా ఇప్పుడు? అయిపోయింది కదా.”

“నాకు అవ్వలేదు. చూపించు.”

నా గొంతులో ఏముందో గానీ మారుమాట్లాడకుండా తీశాడు. టీవీ తెర మీద పెట్టాడు. అందులో నేను సోఫా జరుపుతున్నాను. వంగుతున్నాను. నేలంతా శుభ్రంగా, ఖాళీగా, తడిగా మెరుస్తోంది. పిన్నూ గుండీలూ ఏరుతున్నాను. సోఫా వెనక్కి నెట్టి, చేతులు కడుక్కుని, వెళ్లిపోతున్నాను. తర్వాతి బొమ్మ ఈ పొద్దుటిది. హాల్లోకి వస్తున్నాను, చీపురు తీస్తున్నాను, సోఫా జరుపుతున్నాను, నడుం వంచకముందే నేల మీద ఆకుపచ్చ చుక్క.

“నిన్న ఇక్కడ లేదు. ఇవాళ ఉంది,” అన్నాను. “మధ్యలో ఎవరు పెట్టారో చూపించు.”

“మధ్యలో రికార్డు ఏమీ లేదక్కా.”

“ఎందుకు లేదు?”

అబ్బాయి తలెత్తి కెమెరాని చూశాడు. బుర్ర ఉన్నవాడు, వెంటనే అర్థమైంది. కోడలుగారికీ అర్థమైంది. అమ్మగారికి అర్థం కాలేదు. “ఎందుకు లేదురా?” అని ఆవిడ కూడా అడిగారు.

నేనే చెప్పాను. “ఎందుకంటే అది నన్నొక్కదాన్నే చూస్తుందమ్మగారూ. నేను వస్తే తీస్తుంది, నేను వెళితే పడుకుంటుంది. తెలిసిన మొహాల్ని చూడొద్దని మీరే చెప్పారు దానికి. కాబట్టి నిన్న నేను వెళ్లాక, ఇవాళ నేను వచ్చేలోపు, ఈ ఉంగరాన్ని అక్కడ పెట్టింది అది పట్టించుకోని మొహమే. మీ నలుగురిలో ఒకరు.”

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తాకోడళ్లు చూసుకున్న చూపులైతే నేను వర్ణించలేను. అబ్బాయి పెళ్లాన్ని చూశాడు, వాళ్లమ్మని చూశాడు, నేలని చూశాడు. పెద్దాయన గ్యారంటీ కార్డు రెండో వైపు తిప్పారు.

“సరేలెండి,” అన్నారు కోడలుగారు చివరికి. “దొరికింది కదా. ఎవరు పెడితే ఏం? ఇప్పుడది తవ్వుకుని ఏం సాధిస్తాం?”

“అవునవును. అనవసరంగా ఇంట్లో గొడవలెందుకు?” అన్నాడు అబ్బాయి.

“రండి, టీ చల్లారిపోతోంది,” అన్నారు అమ్మగారు.

అంతే. వేలు నా వైపు ఉన్నన్నాళ్లూ నిజం కావాలి, దానికోసం పదకొండు గళ్ల పట్టిక కావాలి, గోడకి కన్ను కావాలి. ఆ వేలు ఇంటివాళ్ల వైపు తిరిగేసరికి శాంతి కావలసి వచ్చింది. ముగ్గురూ భోజనాల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఫోన్లు కూడా అక్కడే. కప్పుల చప్పుడు వినిపించింది.

నేను చీపురు మూలన పెట్టి, చెప్పులు వేసుకోవడానికి వీధి తలుపు దగ్గరికి వెళ్లాను. పెద్దాయన వెనకే వచ్చారు. తలుపుకి ఆనుకుని, సరిగ్గా కెమెరా కింద నిలబడ్డారు.

“నీకు తెలిసిపోయింది కదూ,” అన్నారు గుసగుసగా.

“పదిహేడో నంబరు,” అన్నాను.

ఆయన నీళ్లు నములుతూ మొత్తం చెప్పుకొచ్చారు. ఊరెళ్లే ముందు ఎవరూ లేనప్పుడు ఆయనే నిచ్చెన ఎక్కి, ఉంగరాన్ని ఆ పెట్టెలో దాచారట. దొంగలు రిజిస్టరు చదువుతారేమోనని, ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలోనూ లేని విధంగా, అదొక్కటీ రాయలేదట. రాయలేదు కాబట్టి మర్చిపోయారు. ఆయన తలలో ఏముందో రిజిస్టరుకి తెలుసుగానీ ఆయనకి తెలియదు. నిన్న సాయంత్రం నేను వచ్చేదాకా ఆగలేక, కొత్త పెట్టె పెట్టడానికి ఒంటరిగా ఎక్కినప్పుడు పాత ఇస్త్రీపెట్టె డబ్బా చేతికి తగిలి, అందులో ఏదో గలగలమంది.

“దొరికినప్పుడు ఇంట్లో చెప్పొచ్చుగా?”

“మొహం చెల్లలేదమ్మా. ఇరవై రోజులు ఇల్లంతా అల్లకల్లోలం చేసి, కెమెరా కొనిపించి... నేనే దాచానంటే వీళ్లు నన్ను బతకనిస్తారా? సోఫా కింద పెడితే నువ్వే చూస్తావు, నీకే దొరికితే నీకు మంచి పేరు వస్తుందనుకున్నాను.”

నాకు మంచి పేరు తేవడానికి పెట్టారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దుర్మార్గుడైతే ఎంత సుఖంగా ఉండేది, నాలుగు తిట్టి వెళ్లిపోయేదాన్ని. ఈయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తొమ్మిదేళ్లుగా నా కోసం టీలో చక్కెర తక్కువ వేయించే మనిషి. ఆ మంచితనంతోనే నా పీక కోశారు.

“నాకు చెప్పి లాభం లేదయ్యగారూ. నాకు ఆల్రెడీ తెలుసు. వెళ్లి వాళ్లకి చెప్పండి.”

“చెబుతానమ్మా. మెల్లిగా, సమయం చూసుకుని...”

“సమయం చూసుకుంటే అది రిజిస్టరులోకి ఎక్కదు. మీకు నాకంటే బాగా తెలుసు. పోనీ వాళ్ల మొహాలు చూసి చెప్పలేకపోతే, దానికి చెప్పండి,” అని పైకి చూపించాను.

ఆయన తలెత్తి చూసి, దిగులుగా నవ్వారు. “దానికి నేను కనపడనుగా. నా మొహాన్ని అది తియ్యదు.”

నేను చెప్పులు విడిచేశాను. వెనక్కి నడిచి, హాలు మధ్యలో, కెమెరాకి ఎదురుగా నిలబడ్డాను. భోజనాల గదిలో ఫోన్లు మోగాయి.

“నేను పక్కనుంటే తీస్తుంది,” అన్నాను. “రండి.”

ఆయన తలుపుని పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తలుపు తీసుకుని బయటికే వెళ్లిపోతారేమో అనుకున్నాను. నేను కదల్లేదు. ఆయన కదిలారు. గోడ పట్టుకుని, మోకాళ్ల మీద చెయ్యి ఆనించుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. చొక్కా గుండీ సరిచేసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

“శనివారం,” అని మొదలుపెట్టారు, ఆఫీసులో చదివి వినిపించే గొంతుతో. “సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. పదిహేడో నంబరు పెట్టె. దాచింది నేను. మర్చిపోయింది నేను. తీసి సోఫా కింద పెట్టింది నేను. ఈ అమ్మాయికి ఇందులో ఏ సంబంధమూ లేదు. ఇరవై రోజులు మేమంతా ఈమెని దొంగ అనుకున్నాం.”

దొంగ. ఇరవై రోజుల్లో ఆ మాటని ఒకరు నా గురించి నోటితో అనడం అదే మొదటిసారి. వినగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

భోజనాల గదిలో కప్పుల చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన ఫోను ఆయన జేబులోనే గట్టిగా మోగుతోంది. నేను ఆయన వైపు తిరగలేదు. కళ్లు తుడుచుకోలేదు. నా మొహం దానికి సరిగ్గా కనపడేలా తలెత్తి నిలబడ్డాను.